పవళింపుసేవ అయిన తరువాత

ఉప్పాడలో నేను బసచేసిన యింటికి రెండిళ్ళ అవతల ఒక చిన్న రామాలయము కలదు. రాత్రి తొమ్మిది గంటలకు అక్కడి అర్చకులు స్వామికి పాలు నివేదించి, ఏండ్లతరబడి పాడి పాడి అంచులరిగిన గొంతుతో ఒక జోలపాట పాడి, దీపము తగ్గించి, తలుపులు మూసి తాళము వేసి, వేసిన తాళమును రెండుమారులు లాగి చూచుకొని యింటికి పోవుదురు. తెల్లవారుజామున నాలుగున్నరకు మరల వచ్చి మేలుకొలుపు పాడుదురు. ఈ రెండు పాటల నడుమనున్న ఏడున్నర గంటలును దేవునికి నిద్రాసమయము. నాబోటి వ్రాతగాండ్రకు అదియే పనివేళ. పగలెల్ల కాగితము ముందు కూర్చుండి, కాఫీలును వార్తాపత్రికలును ముగించి, ఒక్క వాక్యమునైనను నిలువబెట్టలేని నేను, ఊరంతయు మాటుమణిగి, వీథికుక్కలు సైతము అరచి అరచి విసిగి పడుకొన్న తరువాత, పదునొకండు గంటలకో పండ్రెండు గంటలకో, ఎక్కడినుండియో వచ్చి ఎదుట నిలిచిన వాక్యమును చూచి, ఇది నాది కాదే యని ఉలికిపడుట ఎన్నిమారులో జరిగినది. నాది కానిచో ఎవరిది? ఇచ్చువాడు దేవుడే యనుకొందమన్న, ఆయనను నిద్రపుచ్చి తాళము వేసి వచ్చితిమి గదా!

ఈ ప్రశ్న వేళాకోళమునకు వేసినది కాదు. పవళింపుసేవకే ఏకాంతసేవ యని మరియొక పేరు. ఇక్కడికి కొలది మైళ్ళ దూరముననున్న పిఠాపురములో, సంస్థానాశ్రయమున నుండి, బాలాంత్రపు వేంకటరావుగారును ఓలేటి పార్వతీశముగారును వేంకటపార్వతీశ్వరకవులను జంటపేరుతో ‘ఏకాంతసేవ’ యను కావ్యమును రచించిరి. ఆలయమున ఏకాంతసేవ యనగా జనమంతయు వెలికి వచ్చి దేవుని ఒంటరిగా విడుచుట. కావ్యమున ఏకాంతసేవ యనగా జనమును విడిచిన జీవుడు ఒంటరిగా దేవుని వెదకికొనుచు పోవుట. ఒకే మాట, ఒకటి తలుపు మూయుటకు, ఒకటి తెరచుటకు. ఆ వేంకటరావుగారి కుమారులే రజనీకాంతరావుగారు. 1920లో నిడదవోలులో పుట్టి, పిఠాపురపు సాహిత్యవాయువులను బాల్యముననే పీల్చి, పాటలు కట్టుటకు ‘రజని’ యని పేరు పెట్టుకొనిరి. రజని యనగా రాత్రి. వార్ధకమున వ్రాసికొన్న స్వీయచరిత్రకు ‘ఆత్మకథా విభావరి’ యని పేరిడిరి. విభావరి యన్నను రాత్రియే.

ఆ రాత్రికి చెవి ఎంత విశాలమైనదో తలచుకొనినప్పుడెల్ల నాకు ధైర్యము కలుగును. వాగ్గేయకారుల చరిత్రమును శోధించి ఆయన వ్రాసిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆకాశవాణి విజయవాడ కేంద్రము ప్రాతఃకాలమున ప్రసారము చేయు భక్తిరంజనికి ఆయన పేరు విడదీయరాని బంధము. ఆ చేతితోనే, 1945 నాటి ‘స్వర్గసీమ’ చిత్రములో భానుమతిగారు పాడిన పావురము పాటకు బాణీ కట్టిరి. స్పెయిన్ దేశమున ఎద్దులతో పోరాడు వీరుని కథగా హాలీవుడ్డులో తీసిన ‘బ్లడ్ అండ్ శాండ్’ అను చిత్రములోని గానము దానికి ప్రేరణ యని చెప్పుకొందురు. త్యాగయ్యను ఉపాసించిన చెవి ఎద్దులపోరాటపు పాటను ఎట్లు సహించినదని ఆనాడు ముక్కుమీద వ్రేలు వేసికొన్న పెద్దలు ఉండియేయుందురు. నాకు మాత్రము, అట్టి చెవికి దొరకుటయే ఆ పాట చేసికొన్న పుణ్యమనిపించును.

ఉప్పాడ రాత్రి నిశ్శబ్దమనుకొనుట పొరపాటు. సముద్రము ఈ యూరిని కొంచెము కొంచెముగా తినుచున్నది. కాకినాడనుండి వచ్చు తీరపు రోడ్డు ప్రక్కన పెద్ద పెద్ద బండరాళ్ళు అడ్డముగా పేర్చినారు. వాయుగుండము పట్టినప్పుడెల్ల అల ఆ రాళ్ళనెక్కి, రోడ్డుమీదికి దూకి, తారును అప్పడమువలె విరిచి పోవుచుండును. ఇసుకమీద విరిగిన అల చప్పుడు వేరు, రాతిమీద విరిగిన అల చప్పుడు వేరు. ఇసుకమీద అది నిట్టూర్పు. రాతిమీద మొదట ఒక దెబ్బ, ఆ వెనుక రాళ్ళసందులనుండి నీరు తిరుగుముఖము పట్టునప్పుడు పెద్ద కాగులో ఎసరు మరగినట్లు గుడగుడ. ఈ రెండవదానిని నేను ఇక్కడికి వచ్చిన పిమ్మటనే వింటిని. దానికి తోడు, పెండ్లిండ్ల కాలమగుటచే, ప్రక్కయింటి గుంటమగ్గము రాత్రి పదిదాకా ఆడుచుండును: నాడె ఇటునుండి అటు పోయిన చప్పుడు, పేకను బిగించిన దెబ్బ, తరువాత చాలసేపు ఏమియు ఉండదు. ఆ ఏమియు లేని సేపే జాందానీ. మగ్గముముందు ప్రక్కప్రక్కన కూర్చున్న యిద్దరు, పువ్వు పడవలసిన చోట మాత్రమే, చిన్న చిన్న కండెలనుండి వేరొక దారమును చేతితో పడుగులోనికి ఎక్కించి మలుపుచుందురు. చప్పుడు నేతది, మౌనము పువ్వుది. ఒకనాటి సాయంకాలము ఆ గుంట గట్టున కూర్చుండి, గోరంత మామిడిపిందె ఒకటి పూర్తియగుదాక చూచితిని. లోపల దీపము పెట్టు వేళకు కాని అది ముగియలేదు.

ఈ చప్పుళ్ళమీద నా చప్పుళ్ళను నేను పరచుకొందును. నా సంగీతాభిరుచికి కులము లేదు, గోత్రము లేదు, చెప్పుకొనుటకు ఒక గురువైనను లేడు. ఫోనులో ఒక ఈమని శంకరశాస్త్రిగారి వీణ ముగిసిన వెంటనే ఏది వచ్చునో నాకే తెలియదు. పిఠాపురమున తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణను విని రవీంద్రనాథ టాగూరు ముగ్ధుడైనాడని ఈ ప్రాంతమున కథలుగా చెప్పుకొందురు. ఆ నాదమునకు నేను అందలేదు గావున ద్రాక్షారామమున పుట్టిన ఈమనివారితో తృప్తిపడుదును. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని కొలువుగా నాదస్వరమునూదిన షేక్ చినమౌలానాగారు వచ్చిన రాత్రి వేరు. 1968లో మన హైదరాబాదులోనే కన్నుమూసిన బడే గులాం అలీఖాన్‌గారు ‘హరి ఓం తత్సత్’ అని ఎత్తుకొన్న రాత్రి మరియొక దారి. తత్త్వములు పాడు బైరాగి, ఘంటసాలవారు, కూలికి నారునాటుచు పాడుకొను ఆడంగులు, అందరికిని వంతులు కలవు.

వీరందరికంటెను నన్ను ఆశ్చర్యపరచినవాడు బేథోవెన్. చెవి పూర్తిగా పోయినవాడు. 1825లో పెద్ద జబ్బుచేసి లేచి, నాలుగు తంత్రీవాద్యములకు తాను వ్రాయుచున్న కృతిలో, స్వస్థుడైనవాడు దైవమునకు అర్పించు కృతజ్ఞతాగీతముగా ఒక సుదీర్ఘమైన విలంబభాగమును కూర్చినాడు. అందులకు ఎన్నుకొన్నది పాతకాలపు చర్చిగానములలోని ‘లిడియన్’ అను మేళము. దాని స్వరస్థానములు మన కల్యాణివి. కల్యాణియని చెప్పినంతనే మనకు కదలు గమకములు అందులో ఒక్కటియు లేవు; స్వరములు తెల్లబట్టలు కట్టుకొన్న రోగులవలె ఒకరిచేయి ఒకరు పట్టుకొని మెల్లగా నడచుచుండును. అయినను ఆ నడకలో ఒకచోట, వినవలసిన చెవి మూసికొనిపోయినవానికి వినబడినదేదో నాకును వినబడినట్లు తోచును. ఆహతము, అనాహతము అని నాదమును రెండుగా విభజించి శార్ఙ్గదేవుడు వ్రాసిన మాటను నేను పుస్తకములో కాక ఆ చెవిటివాని దగ్గర నేర్చుకొంటినని చెప్పిన, మా పండితమిత్రులు కోపింతురేమో.

కోపింపక, అడుగవలసిన ప్రశ్నను సూటిగా అడిగినవారు అర్చకులు.

“రాత్రిళ్ళు మీ కిటికీలోంచి ఏవేవో వస్తుంటాయండి. త్యాగరాజస్వామి వారనుకుంటూండగానే ఎవరో సాయిబుగారు అందుకుంటారు. ఆయనైపోయేసరికి దొరల బాజా. అన్నీ వింటారు, బాగానే ఉందండి. మరి మీదేదండీ?”

నేను తెలివిగా జవాబు చెప్పుచున్నాననుకొని, అమ్మవారికి కట్టిన చీర ఎక్కడిదని అడిగితిని. మన యూరిదే, జాందానీయనిరి. జాందానీయన్న మాట పారశీకమనియు, ఆ నేత ఢాకావారు పేరుమోసిన నేత యనియు, ఇప్పుడు భౌగోళికగుర్తింపు వచ్చి 2009నుండి చట్టప్రకారము ఉప్పాడ సొత్తయినదనియు నేను విన్నవించుచుండగా ఆయన ఓపికగా విని, “అయితే అయిందండి. కట్టిన తరవాత అమ్మవారిదేగా. ఆయ్,” అని నా వాదమును నాకే అప్పగించి, ప్రసాదము చేతిలో పెట్టి పోయిరి. కట్టినదెవరు, కట్టించుకొన్నదెవరు అను చిక్కుముడి మాత్రము నా దగ్గరనే ఉండిపోయినది. గీతాచార్యుడు అనన్యచింతనమును కోరినాడు. పదిమందిని వినువాడు ఎవరికి అనన్యుడు?

మన కవులను అడిగిచూచితిని. తెలుగు కావ్యముల అవతారికలలో రాత్రికి పెద్దపీట యున్నది. తిక్కనసోమయాజికి తండ్రి కొమ్మనామాత్యుడు కలలో కనబడి హరిహరనాథుని సందేశము తెచ్చినాడు. కృష్ణదేవరాయలు ఏకాదశీవ్రతముండగా ఆ రాత్రి నాల్గవ జామున ఆంధ్రవిష్ణువు కలలోనికి వచ్చి కృతి చెప్పుమనినాడు. ఇది కవిసమయమే, ఒకరిని చూచి ఒకరు పెట్టుకొన్న అలంకారమే యని చరిత్రకారులు కొట్టివేయుదురు. వారి మాటను నేను కాదనను. కాని పోతన్నగారి విషయమున ఒక చిన్న మెలిక కలదు. పున్నమినాటి చంద్రగ్రహణవేళ గంగలో స్నానము చేసి, ఇసుకతిన్నెపై కూర్చుండి, అరమోడ్పు కన్నులతో ఆయన ధ్యానించినది మహేశ్వరుని. ఎదుట నిలిచి భాగవతము తెనిగింపుమన్నవాడు రామభద్రుడు. అలంకారమునకు కల్పించుకొన్నచో, రాముని ధ్యానించితిననియే కల్పించుకొనవచ్చును గదా; ఈ పొత్తు కుదరని సాక్ష్యమే నాకు సత్యముగా తోచుచున్నది. ఒకరి కొరకు తలుపు తీసికొని కూర్చున్నాడు, వచ్చినవాడు ఇంకొకడు. వచ్చినవానిని పోతన్న పొమ్మనలేదు.

శాస్త్రకారులు ఇంతటి అయోమయమునకు ఒప్పుకొనరు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవికి దినచర్యను గీచిపెట్టినాడు: రాత్రి రెండవ మూడవ జాములలో చక్కగా నిద్రింపవలె, నాల్గవ జామున లేవవలె, అప్పుడు తేటపడిన మనస్సుకు అర్థములు తమంతట తామే కనబడును. నేను నిద్రింపవలసిన జాములలో వ్రాసి, వ్రాయవలసిన జామున నిద్రింతును గావున ఆయన యెదుట నిలువదగను. జగన్నాథపండితరాయలు మన కోనసీమ ముంగండవాడని ప్రసిద్ధి. షాజహాను కొలువున పారశీకమధుపాత్రల గలగలల నడుమ కూర్చుండి రసగంగాధరము వ్రాసినవాడు. కావ్యమునకు కారణము ప్రతిభయొక్కటే యని ఆయన తీర్పు. ఆ ప్రతిభకు హేతువో, ఒకచోట దేవతలయో మహాపురుషులయో అనుగ్రహమువలన కలిగిన అదృష్టము. మరియొకచోట వ్యుత్పత్తియు అభ్యాసమును. ఏమియు చదువని పసివాడు ఒకానొక మహాత్ముని కటాక్షముచే కవి యగుటయు కలదు గావున రెండును కలసియే యుండవలెననుట చెల్లదని ఆయన ఖండితముగా చెప్పినాడు. తీర్పు బాగుగనే యున్నది. కాని అది వెలుపల నిలిచి చూచువాని తీర్పు. పండ్రెండు గంటలవేళ వాక్యము తట్టినవానికి, ఇది కటాక్షమా, ముప్పదియేండ్లుగా చెవిలో పోసికొన్నదాని పులుపా యని తేల్చుకొను సాధనము లోపల ఏదియు లేదు. నైయాయికులు శబ్దము వీచీతరంగన్యాయమున చెవికి చేరుననిరి: మొదట పుట్టిన శబ్దము మనవరకు రాదు, అది మరియొకదానిని పుట్టించి నశించును, అది ఇంకొకదానిని, మన చెవిని తాకునది ఆ వంశమున కడగొట్టు బిడ్డ. ఉప్పాడ రాతిగట్టుకు తగిలిన అలను నీవెక్కడ పుట్టితివని అడిగిన నేమి చెప్పగలదు?

ఒకనాటి సాయంకాలము అర్చకులు, తమ తాతగారు పూజచేసిన గుడి ఏ చోటనుండెడిదో చూపిరి. వ్రేలు చూపిన చోట నీరే యున్నది, నీటిమీద రెండు పడవలు ఊగుచున్నవి. “మూలవిగ్రహం?” అని అడిగితిని. కొందరు ముందే తీశారంటారు, కొందరు లేదంటారు అనిరి. అక్కడి స్వామికి పవళింపుసేవ యెట్లని నేను నవ్వుచు అనగా, ఆయన నవ్వలేదు. “మూయటానికి తలుపులేవండీ?” అనిరి.

ఆ రాత్రి భాగవతమును తీసితిని. దేవుని నిద్రను గురించి మన పురాణములు చెప్పినంత వింతగా మరియెవరును చెప్పలేదు. జగమెల్ల జలమయమై యుండగా విష్ణువు శేషునిపై యోగనిద్రలో నుండును. సృష్టి మొదలగునది ఆయన మేల్కొన్న తరువాత కాదు, ఆ నిద్రలోనే. నాభినుండి తామర లేచును, తామరలో బ్రహ్మ పుట్టును. పుట్టినవానికి తానెవరో, తన్ను పుట్టించినది ఎవరో తెలియదు. నాలుగు దిక్కులకును మెడ త్రిప్పి త్రిప్పి చూచినాడు; అట్లు చూచుటచేతనే వానికి నాలుగు ముఖములు కలిగినవని తృతీయస్కంధము చెప్పుచున్నది. ద్వితీయస్కంధమున కథ మరియొక అడుగు ముందునకు పోవును. సృష్టి ఎట్లు చేయవలెనో దిక్కుతోచక కూర్చున్న ఆ బ్రహ్మకు నీటిలోనుండి రెండక్షరములు వినవచ్చెను: స్పర్శాక్షరములలో పదునారవది, ఇరువదియొకటవది. తకారము, పకారము. ‘తప’. పలికినవానికొరకు చుట్టును చూచినాడు, ఎవ్వరును కానరాలేదు. ఆపైన చూచుట మాని, తామరలో కూర్చుండి తపస్సు మొదలుపెట్టినాడు.

ఇన్నియేండ్లు ఈ ఘట్టమును చదివియు ఒక విషయమును నేను గమనింపలేదు. నీటిలోని గొంతు బ్రహ్మకు వేదము చెప్పలేదు, సృష్టికి నమూనా ఇయ్యలేదు, ఒక శ్లోకమునైనను అందీయలేదు. ఒక క్రియాపదమును మాత్రము, అదియు విధిగా, ‘కష్టపడు’ అన్నట్లు చెప్పి ఊరకొన్నది. పోతన్నకు రాముడు ఇచ్చినదియు తెనిగింపు మన్న ఆజ్ఞయే కాని పద్యము కాదు; రాయలకు ఆంధ్రవిష్ణువు ఇచ్చినదియు అంతియే. నేను ఇంతకాలము తప్పు వస్తువునకు యజమానిని వెదకుచున్నాను. అర్ధరాత్రి వచ్చిన వాక్యము నాదే. అందులో ఖాన్‌సాహేబు విరుపును, మగ్గపు మౌనమును, చెవిటివాని కల్యాణియు, మా బామ్మ కూనిరాగమును వెదకిన దొరకును. నాలుగు దిక్కులు చూచినందుకు నాకు మొలచిన ముఖములవి. వానిని గురించి సిగ్గుపడను, దేవుని మీదికి త్రోయను. నాది కానిది, ఆ వాక్యమునకు ముందు వచ్చిన, లేచి కూర్చుండు మన్న చిన్న నెట్టు. దానికి రాగము లేదు. అది ఏ పాటనుండియు వచ్చినట్లు ఇంతవరకు నేను పట్టుకొనలేదు.

ఇట్లు నిశ్చయించి మురిసిపోవుటకును వీలులేదు. ఆ యోగనిద్రలోనే, ఆ విష్ణువు చెవిగుబిలినుండియే మధుకైటభులు పుట్టి బ్రహ్మను తినబోయిరని దేవీమాహాత్మ్యము చెప్పుచున్నది. ఎంత మర్యాద తెలిసిన పురాణము! వినికిడిలో పేరుకొన్న మురికినుండి రాక్షసులు పుట్టుదురని వ్రాతగాండ్రకు ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు? గతవారము ఒక రాత్రి, నాదస్వరము వినుచు, పొంగిపొరలుచు, పదునొకండు పుటలు వ్రాసితిని. తెల్లవారి కాఫీతో చదువగా పదిపుటలు కైటభుని సొత్తు. ఒక్కొక్క విశేషణమును చూచి నాకే కడుపులో త్రిప్పినట్లయినది. మిగిలిన పుటలో మూడు వాక్యములకు దెబ్బ తగులలేదు. ఆ మూడింటిని వేరొక కాగితముపై ఎక్కించి, తక్కినదానిని ఇంటివారమ్మాయికి పొయ్యి రాజవేయుటకు ఇచ్చితిని.

ఈ వ్యాసమును ముగించుచున్న రాత్రి నిద్ర పట్టలేదు. రెండు గంటల దాక బడే గులాం అలీఖాన్‌గారు పాడిరి; తరువాత ఫోను ఆపి, అల చప్పుడును వినుచు పడుకొంటిని. నాలుగింటికి మోటారు బోట్లు బయలుదేరిన గుడగుడలు వినవచ్చినవి. వెలికి వచ్చి అరుగుమీద కూర్చుంటిని. అర్చకులు తడిబట్టతో, బిందె భుజమున పెట్టుకొని వచ్చి, నన్ను చూచి, “రాత్రి స్వామికి నిద్ర పట్టిందో లేదో కానండి, నాకు మాత్రం పట్టలేదు,” అని ఫిర్యాదో మెప్పో తెలియని గొంతుతో అని, మొలనుండి తాళపుచెవి తీసి, తలుపు తెరచి, దీపము పెద్దది చేసి, మేలుకొలుపు ఎత్తుకొనిరి. ప్రతిదినమును వినెడి భూపాలమే. రెండవ చరణమున, పై షడ్జము దగ్గరకు పోవుచు, ఆయన గొంతు ఒక్కక్షణము తడబడి, ఎన్నడును పోని దారిన పోయి, ఖాన్‌సాహేబు విరుపు నొకదానిని వంకరగా తీసి, తిరిగి భూపాలమున దిగినది. ఆయన వెనుదిరిగి చూడలేదు. హారతి గంట మ్రోగినది.